అసిరక్క అరికాళ్లు

ఊ కొట్టండి పిల్లలూ. అందరూ కాళ్లు ముడుచుకుని కూర్చోండి. ఎందుకో చివర్న చెప్తాను.

అనగనగా ఓ కుమ్మరి పేట. ఆ పేటలో మట్టి తొక్కే అసిరక్క. సారె తిప్పేది ఆమె తమ్ముడు సూరన్న. అసిరక్క తొక్కిన మట్టిలో ఆవగింజంత రాయి మిగిలేది కాదు. "నా అరికాళ్లకి కళ్లున్నాయిరా" అనేది. నిజంగానే ఉండేవి!

ఓ ఏడు ఆమెకి తీపిరోగం, అదే చక్కెర జబ్బు, పట్టింది. మొదట అరికాళ్లలో చీమలు పాకినట్టుండేది. తర్వాత నిప్పులు తొక్కినట్టుండేది. ఆ తర్వాత అసలేమీ తెలిసేది కాదు. ఒకరోజు సారె మీద మట్టిలో పెంకు తగిలి సూరన్న చెయ్యి తెగింది. ఆ రక్తం చూసి అసిరక్క ఘొల్లుమంది.

"నా కాళ్లు గుడ్డివైపోయాయిరా తమ్ముడూ! ఇంక నేనేం చేసుకు బతకను?"

కొండ మీంచి మూలికలు తెచ్చే ముసలమ్మ ఆమెకి పొడపత్రి ఆకు ఇచ్చింది. "నములు. బెల్లం తిన్నా ఇసక తిన్నట్టుంటుంది, బెంగపడకు. కాళ్లకి జీవం వస్తే రావచ్చు, రాకపోనూవచ్చు. రోజూ అరికాలు తిప్పి చూసుకో. ఆకు నీ కాళ్లకి కాపలా కాయదే అమ్మా!"

నమిలింది. మూడు నెలలు నమిలింది. ఓ పొద్దున బొటనవేలి చివర జివ్వుమంది. ఎంత సంబరమో! "కళ్లు తెరుస్తున్నాయిరా!" అంటూ మట్టిలోకి గెంతింది. అరికాలు చూసుకుందా? చూసుకోలేదు. మడమలో తుమ్మముల్లు విరిగి అప్పటికే మూడు రోజులు. మట్టి పూత కింద ఎవరికి కనిపిస్తుంది? కాలు నల్లబడింది. వారం తిరక్కుండా పోయింది మహాతల్లి.

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే సూరన్న మట్టిగుంత దగ్గరికెళ్లాడు. మట్టి అప్పటికే తొక్కి ఉంది. తడి మీద ఆడమనిషి అడుగులు. లోపలికి దిగినవే తప్ప, బయటికొచ్చినవి లేవు. అయినా పని ఆగదు కదా, కాలు పెట్టాడు.

మట్టిలోంచి ఓ చల్లని చెయ్యి చీలమండ పట్టుకుంది.

కిందికి లాగలేదు. కాలు మెల్లగా పైకెత్తి, అరికాలు అతనివైపే తిప్పింది. అందులో ఇంత పొడుగు ముల్లు దిగి ఉంది. సూరన్నకి నొప్పే తెలియలేదు. అక్క రోగం అతనికీ పట్టిందన్నమాట!

"అక్కా..." అన్నాడు. చెయ్యి వదిలేసింది. అతను ఆ కాలు మోపకుండా కుంటుకుంటూనే కొండ ముసలమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

ఇప్పటికీ ఆ పేటలో మట్టిలో దిగేముందు ఒకరి అరికాళ్లు ఒకరు చూస్తారు. "చూశాం అసిరక్కా" అని చెప్పి మరీ దిగుతారు. చెప్పకుండా దిగినవాడి చీలమండకి చల్లగా తగులుతుందట.

ఇంక కాళ్లు చాపండి. తిమ్మిరెక్కాయా? పోనీలే, తెలుస్తోందిగా, అదే పదివేలు. ఏదీ, అరికాళ్లు చూపించండి.