డాక్టరమ్మ విప్పిన తాయెత్తు

దస్తగిరికి పదహారేండ్లు. నెల దినాలుగా వాని లోకమంతా బొడ్డు చుట్టూ జానెడు మేరే.

పొద్దున లేస్తూనే కడుపులో మెలిపెడుతుంది. నాలుగుసార్లు పరిగెత్తాల్సిందే. రెండుసార్లు నెత్తురు చారిక కనబడింది. వాళ్ళ చిన్నాయనకు కూడా ఇట్లే మొదలై, ఏడాది తిరక్కుండానే మట్టికి పోయినాడు. ఆ సంగతి ఎవరితోనూ అనకుండా వీడు ఫోన్లో వెతుక్కుంటాడు. ఫోనేమో వెతికిన ప్రతిసారీ ఒక కొత్త రోగం అంటగడుతుంది.

ఊరి బయట గుట్ట మీద చిన్న దర్గా. అక్కడ మదార్ బాబాకు శిష్యుడు వీడు. వాకిలి చిమ్మి, ఊదు వేసి, బాబా చెప్పే నాలుగు మాటలు నేర్చుకుంటాడు. ఒక చేతిలో ఊదు పళ్లెం ఉంటే, రెండో చెయ్యి కడుపు మీదే. నొక్కి చూసుకుంటాడు. మళ్ళీ నొక్కుతాడు.

గురువారం జనం వరసకట్టినారు. బాబా దువా చదివి, కాగితం రాసి, రాగి గొట్టంలో పెట్టి, మైనం పూసి నల్లదారంతో కడతాడు. కట్టింది విప్పితే పనిచెయ్యదని ఆ పక్క పసిపిల్లోనికి కూడా తెలుసు.

అందరూ పోయినాక దస్తగిరి ముందుకొచ్చి కూర్చున్నాడు.

"నాకూ ఒకటి కట్టు బాబా."

"దేనికి?"

"కడుపుకు."

"ఏమొచ్చింది కడుపుకు?"

వాడు నేల చూసినాడు. "ఏందో... బాగలేదు."

"ఏందో అని రాస్తే దేవునికి కూడా అర్థం కాదు బేటా. విడమర్చి చెప్పు. నువ్వూ నేనూ, ఆ పిల్లీ తప్ప ఇక్కడెవరుండారు?"

వాడు నసిగినాడు. నెత్తురు మాట వచ్చేసరికి మొగం పిల్లి దిక్కు తిప్పుకున్నాడు. అయినా ఆపలేదు. బట్టలు వదులైందీ, అన్నం చూస్తే భయమేసేదీ, చిన్నాయన సంగతీ, అన్నీ చెప్పేసినాడు. వాడు చెప్పేకొద్దీ బాబా రాస్తానే ఉన్నాడు. మడిచి, గొట్టంలో దూర్చి, మైనం పూసి వాని దండచేతికి కట్టినాడు.

"దీన్ని నువ్వు విప్పగూడదు. రేపు టౌను ఆస్పత్రిలో డాక్టరమ్మ విప్పల్ల."

"తాయెత్తు డాక్టరమ్మ విప్పేదేంది బాబా?"

"ఈ తాయెత్తుకు అదే పద్ధతి."

ఆస్పత్రి గేటు దగ్గరినుంచి రెండుసార్లు వెనక్కి తిరిగినాడు దస్తగిరి. మూడోసారి తాయెత్తు గట్టిగా పట్టుకుని లోపలికి పోయినాడు.

"ఏమప్పా, ఏం బాధ?" అనింది డాక్టరమ్మ.

చెయ్యి ముందుకు చాపినాడు. "ఇది విప్పండి మేడం."

"నేనా!"

ఆమె నవ్వుకుంటా దారం కత్తిరించి, మైనం గీకి, కాగితం తీసింది. చదివేకొద్దీ నవ్వు పోయింది. ఆఖరు ముక్క బయటికే చదివింది. "'చిన్నాయన మాదిరే పోతానని వీనికి భయం. ఆ భయాన్ని కూడా చూడండమ్మా.'"

స్టూలు దగ్గరికి జరిపింది. "కూర్చో. కడుపుతో మొదలుపెడదామా, భయంతోనా?"

"కడుపుతోనే మేడం."

చూసింది. మందులిచ్చింది, పరీక్షలు రాసింది. "రిపోర్టు ఎనిమిది దినాలకొస్తుంది. రక్తం ఎక్కువ పడినా, నొప్పి ఎక్కువైనా వెంటనే రా. ఊరికే నొక్కి చూసుకునే పని మాత్రం పెట్టుకోవద్దు, అది నాది."

ఆ ఎనిమిది దినాలూ చెయ్యి కడుపు మీదికి పోయినప్పుడల్లా వాడు చీపురు పట్టుకున్నాడు. దర్గా వాకిలి అంత శుభ్రంగా ఎన్నడూ లేదు.

రిపోర్టు వచ్చే పొద్దు బాబా రాగి గొట్టం చేతిలోకి తీసుకున్నాడు.

"ఉత్త చేతుల్తో పోతాండావే. ఇంకోటి కట్టేదా?"

దస్తగిరికి కడుపులో మెలిపెట్టింది. చెయ్యి మాత్రం అటు పోలేదు. వంగి చెప్పులేసుకున్నాడు.

"వద్దు బాబా. ఏమొచ్చినా అడిగేదానికి నోరుంది గదా."

బాబా గొట్టాన్ని మళ్ళీ పెట్టెలో వేసి మూత పెట్టినాడు.