చెంబుడు మర్యాద

మెట్టవలస రాజ్యాన్నేలే జగన్నాథ భూపతికి ఏదైనా నచ్చిందంటే ఇక దానికి మూడినట్టే.

ఆ ఏడు కొండదొర ఒకాయన ఆయనకు కానుకగా ఓ పూలమొక్క పంపాడు. ఇప్పుడు మనం ఆర్కిడ్ అంటున్నామే, అదే. మానుబెరడును పట్టుకుని, వేళ్లు గాలికి వేలాడేసుకుని బతికే రకం. ఊదారంగు పూలు గెలలా విరగబూసి ఉన్నాయి. రాజుగారు మురిసిపోయి, "దీన్ని మా కొలువులోనే ఉంచండి" అన్నారు.

ఉంచడం భుజంగరాయుడి వంతయింది. ఈయన రాజుగారి పూలతోటలకు అధికారి. జన్మలో మట్టి ముట్టి ఎరగడు గానీ, మొక్కల మీద సంపాదించిన బిరుదులు మాత్రం మూడున్నాయి!

"కారడవి మొక్క ప్రభూ! ఎండ పొడ తగిలితే కందిపోతుంది" అంటూ కిటికీలన్నీ మూయించి, మఖమల్ తెరలు దింపించాడు. బెరడు ఊడబీకించి, బంగారు కుండీలో బంకమట్టి కూరి అందులో పాతించాడు. అంతటితో ఊరుకున్నాడా? ఓ మర్యాద కూడా కనిపెట్టాడు. కొలువుకొచ్చిన ప్రతివాడూ రాజుగారికి దణ్ణం పెట్టి, ఆయన మొక్కకు వెండిచెంబుడు నీళ్లు పోయాలి. కాదన్నవాడు రాజద్రోహి.

ఇంకేముంది! మంత్రిగారు ఒక చెంబు పోస్తే సేనాపతి రెండు పోశాడు. పురోహితుడు మంత్రం చదివి మరీ మూడు పోశాడు. కొలువులో ఏ పనీ లేనివాళ్లు కూడా చెంబు కోసమే రావడం మొదలెట్టారు.

నెల తిరిగేసరికి పూలు రాలిపోయాయి. ఆకులు పసుపెక్కి వాలిపోయాయి. కుండీలోంచి కుళ్లు కంపు కొడుతుంటే, సభికులంతా "ఆహా, ఏమి పరిమళం!" అని ముక్కులు ఎగబీల్చారు. సిగ్గు లేకపోతే సరి!

రాజుగారికి మాత్రం ఒళ్లు మండింది. "ఎవడిదీ పాపం?"

"తోటమాలి పైడన్నది ప్రభూ! వాడి చెయ్యి మంచిది కాదు" అన్నాడు భుజంగరాయుడు, రెప్ప వెయ్యకుండా.

ముప్పై ఏళ్లుగా ఆ తోటలో నడుం వంచిన మనిషి పైడన్న. చేతులు జోడించాడు. "మారాజా, దాన్ని బెరడుకే కట్టి తూరుపు కిటికీకాడ ఏలాడదీయండని మొదటి రోజే మొత్తుకున్నానండి..."

"రాజుగారి మొక్కను పుల్లకు కడతావా? ఎంత పొగరు!" అని భుజంగరాయుడు గద్దించాడు.

"రేపు సాయంత్రానికల్లా పెళ్లాంబిడ్డలతో కోట వదిలి పో" అని రాజుగారు తేల్చేశారు.

సింహాసనం వెనక వింజామర వీచే నూకాలు అంతా చూస్తూనే ఉంది. దాని నోటి దురుసు రాజుగారికి సరదా, మిగతా వాళ్లకు హడలు.

"మహాప్రభూ, మొక్కకు అంత మర్యాద జరిగింది. మర్యాద కనిపెట్టిన రాయుడుగారికేమో ఏమీ జరగలేదు. రేపు ఒక్క పూట ఆయన్నీ మొక్క పక్కన కూచోబెట్టి, దానికి చేసినట్టే చేద్దాం. రోగమేమిటో మొక్కే చెబుతుంది. చెప్పలేదనుకోండి, పైడన్న బాబాయితో పాటు నన్నూ గెంటేయండి."

రాజుగారికి కుతూహలం పుట్టింది. భుజంగరాయుడికి ఛాతీ ఉబ్బింది. "నూకాలు తగిన మాటే అంది" అంటూ మీసం దువ్వాడు.

మర్నాడు పొద్దున్నే కొలువు తీరింది. తెరలు దిగాయి. భుజంగరాయుడి కాళ్లు మోకాళ్ల దాకా గంగాళంలోని తడి బంకమట్టిలో కూరారు.

"ఇదేమిటే?" అన్నాడాయన.

"మొక్కకు జరిగిన మర్యాదేనండి!" అంది నూకాలు.

తర్వాత ఒక్కొక్కరే వచ్చి, దణ్ణం పెట్టి, వెండిచెంబుడు పానకం ఆయన చేత తాగించారు. మొదటి చెంబుకు చిరునవ్వు నవ్వాడు. నాలుగోదానికి తేన్చాడు. ఆరోదానికి చెమటలు పట్టాయి. అంతలో సేనాపతి రెండు చెంబులతో తయారయ్యాడు.

"రెండోది వద్దయ్యా!"

"కాదంటే రాజద్రోహమండీ" అని వెనకనుంచి నూకాలు గుర్తుచేసింది. పాపం, అదీ తాగాడు.

ఇంతలో మూడు చెంబులు మోయించుకుని, మంత్రానికి గొంతు సవరించుకుంటూ పురోహితుడు వచ్చాడు. దాంతో భుజంగరాయుడు గావుకేక పెట్టాడు.

"చాలు బాబోయ్! పొట్ట పగిలిపోతోంది! కాళ్లు నాని కుళ్లిపోతున్నాయి! ఆ తెరలు తీసి కాస్త వెలుతురు రానివ్వండి! గాలి తగలనివ్వండి! ఆరనివ్వండర్రా, లేకపోతే చచ్చిపోతాను!"

నూకాలు వింజామర ఆపింది.

"మహాప్రభూ, నెల రోజులకు మొక్కకు నోరొచ్చింది."

రాజుగారు దిగివచ్చి కుండీలోంచి మొక్కను పైకి లాగారు. వేళ్లన్నీ నల్లగా, జిగటగా చేతికి అంటుకొచ్చాయి. ఒక్కటి మాత్రం ఇంకా గట్టిగా, పచ్చగా ఉంది.

ఓ మూల నిలబడున్న పైడన్న గబగబా వచ్చి దాన్ని కళ్లకద్దుకున్నంత పని చేశాడు. "ఇది బతుకుతాదండి మారాజా! బెరడుకి కట్టి, పల్చటి తెరలోంచి పొద్దుటెండ పడనిస్తే సాలు. వేరు ఆరి తెల్లబడ్డాకే నీళ్లు. అదీ వారానికోసారో, రెండుసార్లో."

"అసలు మొదటి చెంబు పోసిందెవరు?" అని రాజుగారు ఉరిమారు.

సభికులంతా పైకప్పు చూడసాగారు. రాజుగారు నూకాలు వైపు తిరిగారు.

"నేను తమ వెనక నిలబడేదాన్ని ప్రభూ. తమరి చేతులు నాకెలా కనబడతాయి?"

రాజుగారి మొహం ఎర్రబడింది. మరుక్షణమే పొట్ట పట్టుకుని పకపకా నవ్వేశారు. ఆయన నవ్వాక మిగతా వాళ్లకు భయమేముంది, కొలువంతా ఘొల్లుమంది.

"పైడన్నా, ఇవాళ్టి నుంచి తోటల అధికారివి నువ్వే. నూకాలూ, నీకేం కావాలో కోరుకో."

"ఆ వెండిచెంబు ఇప్పించండి ప్రభూ. అది మా ఇంట్లో ఉంటే మొక్క ఇక్కడ చల్లగా ఉంటుంది."

కొలువు మళ్లీ ఘొల్లుమంది. భుజంగరాయుడు మాత్రం నవ్వలేదు. తాగిన పానకమంతా తొందరపెడుతోంది, మట్టిలోంచి కాళ్లేమో ఊడిరావడం లేదు!