నూలు తాగిన నూనె

భావనారాయణకి ఒక అలవాటు ఉండేది. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పేవాడు కాదు. వాళ్ల చేతిలో ఒక చిలప, అంటే చుట్టిన నూలు కట్ట, పెట్టి, దాన్ని ఏం చెయ్యాలో చెప్పి, తన మగ్గం గుంటలోకి దిగిపోయేవాడు. జవాబు దొరికిందా అని తర్వాత అడిగేవాడు కూడా కాదు. మా నేతపేటలో నూనె రుమాళ్ల పని తెలిసినవాళ్లలో చివరికి మిగిలింది ఆయనొక్కడే. పేటంతా ఆయన్ని బాబాయ్ అనే పిలిచేది.

నూనె రుమాలు తెలియనివాళ్లకి రెండు మాటలు చెప్పాలి. నూనె రుమాలుది చిక్కటి ఎరుపు. పచ్చి నూలుకి ఆ ఎరుపు పట్టదు. ఆముదపు కాయల తొక్కలు కాల్చిన బూడిద నీళ్లలో నువ్వుల నూనె కలిపి, అందులో చిలపల్ని పిసికి, ఎండబెట్టి, మళ్లీ పిసికి, ఇలా పదహారు రోజులు తాగించాలి. తాగించడం అనే అంటాం ఆ పనిని. ఆ తర్వాతే నూలుని చట్రానికెక్కించి, రంగు అక్కర్లేని చోటల్లా బిగించి కట్లు కట్టి, రంగులో ముంచుతాం. కట్టు ఉన్నచోట రంగు దూరదు. నూలంతా ఒకటే. అందులో ఏది పువ్వవుతుంది, ఏది ఉత్త బయలుగా మిగిలిపోతుంది అన్నది కట్టుని బట్టి ఉంటుంది.

ఏడుకొండలు ఆయన దగ్గర మూడో ఏడు పని నేర్చుకుంటున్నాడు. అతని భార్య సుభాషిణికి అప్పుడు ఐదో నెల. ఊళ్లో వైద్య శిబిరం పెట్టినప్పుడు ఒక డాక్టరమ్మ ఆ పిల్లని చూసి, రక్తం లేదని కోప్పడి, మొగుణ్ణి కూర్చోబెట్టి చాలాసేపు చెప్పిందట. తల్లిదండ్రుల నుంచి బిడ్డకి వచ్చే జన్యువులు మారవు. కాని మెదడు తయారయ్యే రోజుల్లో వాటి మీద చిన్న చిన్న గుర్తులు పడతాయి, ఇది తెరుచుకుని పని చెయ్యాలి, ఇది మూసుకుని ఉండాలి అని. కడుపులో ఉండగా తల్లి తిన్న తిండి, పుట్టాక మొదటి రెండేళ్లు బిడ్డ తిన్న తిండి ఆ గుర్తుల్ని అటో ఇటో జరుపుతాయి. అందుకని పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు తప్పకుండా పెట్టమంది.

ఏడుకొండలు తల్లి రత్తమ్మ ఇది విని నవ్వింది. కడుపుతో ఉన్నది ఎక్కువ తింటే బిడ్డ బలిసి కాన్పు కష్టమవుతుందని ఆమె నమ్మకం. తాను ఒంటిపూట తిని ఐదుగుర్ని కన్నానని, ఐదుగురూ మగ్గం ఎక్కలేదా అని అడిగింది. ఆ డాక్టరమ్మ కడుపులో పిల్లకి బడిపంతుల్ని కూడా పంపిస్తుందేమో కనుక్కోమంది. అంగన్‌వాడీలో సుభాషిణికిచ్చే గుడ్డు రత్తమ్మ చేతి మీదుగా కొడుకు కంచంలోకి వచ్చేది. అతను తినేవాడు.

శిబిరం అయిన మర్నాడు పొద్దున ఏడుకొండలు పనిలోకి వచ్చి, గుడ్డు సంగతి తప్ప ఇదంతా చెప్పి, చివరికి అడిగాడు. "పుట్టుకతో వచ్చింది తిండికి మారుద్దా బాబాయ్? ఎవరి మాట వినాలి?"

భావనారాయణ దండెం మీద నుంచి రెండు చిలపలు తీసి అతని చేతిలో పెట్టాడు. రెండూ ఒకే బేలులోవి. ఒకటి పదహారు రోజులు నూనె తాగింది. రెండోది నాలుగో రోజున ఎందుకో పక్కన పడిపోయింది. రెండింటికీ ఒకేలా కట్లు కట్టి ఒకే గంగాళంలో ముంచమన్నాడు. ఏడుకొండలు అలాగే చేశాడు. సాయంత్రం కాలవలో జాడించి తెచ్చి వాకిట్లో ఆరేశాడు. మొదటిది పండు మిరపకాయలా ఉంది. రెండోదాని రంగు సగం కాలవలోనే పోయింది, మిగిలింది వానకి నానిన ఇటుకలా ఉంది. కట్లు విప్పి చూస్తే మొదటిదాంట్లో పువ్వు అంచు తీరుగా కనబడుతోంది. రెండోదాంట్లో పువ్వేదో బయలేదో పోల్చుకోవడం కష్టంగా ఉంది.

ఆ కుర్రాడు తెలివితక్కువవాడేం కాదు. కాసేపు చూసి, దీనికి ఇప్పుడు మిగతా పన్నెండు రోజులూ నూనె తాగించి మళ్లీ ముంచితే సరిపోతుంది కదా అన్నాడు. భావనారాయణ లోపలికి వెళ్లి, వాసానికి వేలాడుతున్న పాత చిలప ఒకటి తెచ్చి ఆ రెండింటి పక్కన వేశాడు. అది అలా రెండోసారి తాగించి, రెండోసారి ముంచిందే. ఎప్పుడో తనే చేసి చూశాడు. కొంత రంగు ఎక్కింది, ఎక్కలేదని అనకూడదు. కాని ఆ ఎరుపు ఈ ఎరుపు కాలేదు.

పంచలో రాట్నం దగ్గర ఆయన పెద్దకూతురు చెంచులక్ష్మి కండెలు చుడుతోంది. ఆమెకి నలభై దాటాయి. అంత నున్నగా కండె చుట్టేవాళ్లు పేటలో లేరు. చుట్టినవి బుట్టలో వేస్తూ పైకే లెక్కపెడుతుంది, పదికి చేరగానే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. ఆమె చెల్లెలు పక్క ఊళ్లో లెక్కల టీచరు. అదే తల్లి, అదే తండ్రి. ఆ తేడాకి పేటలో అందరూ తలరాత అనేవాళ్లు. రాసినవాడెవడో చూడకుండా తలరాత అనేసి చేతులు దులుపుకునేవాళ్లని నా బతుకంతా చూశాను. వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఏడుకొండలు ఆమె లెక్క విన్నాడు. చిలపల వంక చూశాడు. అప్పుడు భావనారాయణ, జన్మలో మొదటిసారి కాబోలు, అడిగినదానికి నోటితో చెప్పాడు. అప్పుడు నేనక్కడే ఉన్నాను.

చెంచులక్ష్మి కడుపులో ఉన్నప్పటి మాట. నూలు రాక మగ్గాలు ఆగిపోయిన ఏడాది అది. పేటలో నాలుగు వందల గడప గంజి మీద బతికింది. ఆ గంజి కేంద్రం పెట్టించడానికి తాలూకా ఆఫీసు ముందు తొమ్మిది రోజులు కూర్చున్నవాళ్లలో భావనారాయణ ముందువాడు, నేను వెనకవాణ్ణి. అందరి గిన్నెలూ నిండాయా అని తిరిగి చూసేవాడు. ఇంట్లో భార్య మంగతాయారుకి ఏడో నెల. అంతకుముందే ఒప్పుకున్న రుమాళ్ల కోసం దాచిన నూలు ఇంట్లో కాస్త ఉంది, దానికి తాగించడానికి కుండెడు నువ్వుల నూనె ఉంది. నూలుకని కొలిచి పోసిన నూనె ఇంటివాళ్లు ముట్టకూడదు. ముడితే రంగు విరిగిపోతుందని మాలో పట్టింపు. తాతల నాటి పట్టింపు, ఎవరూ తప్పలేదు.

పొద్దున్నే ఆయన గరిటెతో కొలిచి పోసేవాడు, ఆమె పిసికేది. మోచేతుల దాకా నూనె. కడుపులోకి పోయేది ఉప్పుగంజి. ఒకరోజు అడిగిందట, ఒక్క గరిటెడు పచ్చడిలో కలుపుకోనా అని.

"నూలు నోటి దగ్గరది తియ్యకూడదన్నాను," అన్నాడు భావనారాయణ. "మళ్లీ అడగలా. చేతులకంటిన నూనె కాళ్లకి రాసుకుని లేచిపోయింది."

బిడ్డ చిన్నగా పుట్టింది. కాన్పు తేలికైందని ఇరుగుపొరుగమ్మలు సంతోషించారు. తల్లికి పాలు పడలేదు. రెండేళ్లు గంజితేటే. మగ్గాలు మళ్లీ ఆడాక, ఐదో ఏట, ఎవరో చెబితే పాలూ గుడ్లూ పెట్టడం మొదలుపెట్టాడు. పిల్ల ఒళ్లు చేసింది, నవ్వింది, కండె చుట్టడం నేర్చింది. వాసానికి వేలాడే ఆ చిలప అప్పటిదేనట. ఆ శిబిరంలో ఆయన కూడా డాక్టరమ్మని విడిగా అడిగాడు. ఇన్నేళ్ల తర్వాత ఒక మనిషిని చూసి ఇందువల్లే ఇలా అయిందని ఎవరూ చెప్పలేరు, మీరు బాధపడకండి అందట. గరిటెడు నూనెతో అంతా మారిపోయేది కాదని ఆయనకీ తెలుసు. కాని ఆ కుండలో నూనె ఉంది, ఆమె నోరు తెరిచి అడిగింది. ఈ రెండిటినీ ఏ డాక్టరమ్మ తీసేయగలదు?

ఏడుకొండలు తల వంచుకుని, గుడ్డు సంగతి అప్పుడు చెప్పాడు. ఎన్ని తిన్నాడో కూడా చెప్పాడు. భావనారాయణ తిట్టలేదు. లేచి, మూలనున్న నూనె కుండ మూత తీశాడు. ఆ వారం తాగిస్తున్న నూలుకి ఇంకా ఐదు రోజుల నూనె కావాలి. గరిటె ముంచి, ఒక సీసా నిండేదాకా పోసి అతని చేతిలో పెట్టాడు. ఇది మందు కాదని, డాక్టరమ్మ చెప్పినవన్నీ పెట్టాల్సిందేనని, రేపటి నుంచి సుభాషిణి తిన్నాకే అతను కంచం ముందు కూర్చోవాలని చెప్పాడు. రత్తమ్మ ఏమైనా అంటే ఆ మూడు చిలపలూ ఆమె ముందు వేసి, ఏది కావాలో ఏరుకోమనమన్నాడు. పంచలో చెంచులక్ష్మి ఎనిమిది, తొమ్మిది, పది అని, మళ్లీ ఒకటి అంది.

నూలు నూనె ఇంటికి పట్టుకెళుతున్నందుకు ఏడుకొండలు సీసాని కండువాలో చుట్టుకున్నాడు. చిలపలు భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లి, ఆగాడు. పని నేర్చుకునేవాడి బుద్ధి, అడగకుండా ఉండలేకపోయాడు. ఆ ఏడాది రుమాళ్లు ఎలా వచ్చాయి బాబాయ్ అన్నాడు.

భావనారాయణ కుండ మీద మూత పెడుతూ, అటు తిరిగే చెప్పాడు.

"బ్రహ్మాండంగా వచ్చాయిరా. ఇన్నేళ్లయినా రంగు దిగలేదంట."