నలుగురి కోసం పేరయ్య ఇంటివాళ్ళ వేట

పేరయ్య ఇంట్లో అందరూ తెలివైనవాళ్ళే. ఆ మాట వాళ్ళే చెప్పుకునేవారు కాబట్టి ఊళ్ళోవాళ్ళకి ఆ శ్రమ తప్పింది.

"ఎవరో అన్నారట, ఎక్కడో జరిగిందట అంటే నమ్మడానికి మేమేమన్నా వెర్రివాళ్ళమా? అన్నవాణ్ణి తెచ్చి నిలబెట్టాల్సిందే!" అనేది పేరయ్య పెళ్ళాం కోటమ్మ. కొడుకు బంగారయ్య తలూపేవాడు. తలూపడంలో వాడికి తిరుగులేదు.

ఆ బంగారయ్యకి పక్క ఊరి సంబంధం వచ్చింది. పిల్ల వాడికి తెగ నచ్చింది. పిల్ల తండ్రి సింహాద్రి వచ్చి, కాఫీ తాగి, "కుర్రాడు బాగానే ఉన్నాడు. నలుగురినీ కనుక్కుని చెబుతాం" అని వెళ్ళిపోయాడు.

"ఏ నలుగురు?" అంది కోటమ్మ గాభరాగా.

"పేర్లు చెప్పలేదే! వాళ్ళని ముందు మనమే పట్టుకోవాలి" అన్నాడు పేరయ్య.

అంతే, ముగ్గురూ వీధిలోకి పరుగెత్తారు. పాలవాడు ఎదురైతే, "నలుగురూ ఎక్కడుంటారు నాయనా?" అని అడిగారు.

"నలుగురూ చేరేది టీకొట్టు దగ్గరే కదా!" అన్నాడు వాడు.

ఇంకేముంది, టీకొట్టు మీద పడ్డారు. తీరా చూస్తే బల్ల మీద ఐదుగురున్నారు!

"ఒకడు దొంగ!" అన్నాడు పేరయ్య.

అప్పుడే అయిదో మనిషి, "పేరయ్యగారి అబ్బాయి ఎలాంటివాడండీ?" అని పక్కవాణ్ణి అడుగుతున్నాడు. కూపీ లాగుతున్నాడంటే దొంగ వాడే కదా! బంగారయ్య వాణ్ణి రెక్క పట్టి ఈడ్చి, పక్కనున్న కుడితి తొట్టిలో పడేశాడు. ఆయన సింహాద్రికి సొంత బావమరిది.

మిగిలిన నలుగురూ చింతపండు అమ్ముకోడానికొచ్చిన పరాయి ఊరివాళ్ళు. వాళ్ళని ఇంటికి తీసుకొచ్చి, పెళ్ళికని దాచిన మినప్పప్పంతా రుబ్బి గారెలు వండి పెట్టారు. వాళ్ళు ఎందుకని అడగలేదు. ఆ రోజు తెలివిగా మసులుకున్నది వాళ్ళే.

"మావాడి గురించి ఏమనుకుంటున్నారు?" అంది కోటమ్మ.

"మెత్తగా ఉన్నాయమ్మా!" అన్నారు నలుగురూ, నోటినిండా గారెలతో.

ఇంతలో సింహాద్రి, కుడితి ఓడుతున్న బావమరిదిని వెంటబెట్టుకుని ఊగిపోతూ వచ్చాడు. "నలుగురిలో మా పరువు తీశారు కదయ్యా!"

"అయ్యో, మేం తియ్యలేదండీ! నలుగురూ ఇక్కడే తింటున్నారు. కావలిస్తే వాళ్ళ జేబులు వెతుక్కోండి" అన్నాడు పేరయ్య.

"ఛీ! మీకు పిల్లనిచ్చేవాడు ఇంకా పుట్టలేదు!" అని ఉమ్మేసి వెళ్ళిపోయాడు సింహాద్రి.

బంగారయ్య ముఖం వేలాడేశాడు. కోటమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పేరయ్య మాత్రం తొడ చరిచాడు.

"ఏడుస్తావేమే? 'ఇంకా' అన్నాడు, విన్లేదా? అంటే పుడతాడన్నమాట!"

అంతే, ముగ్గురూ పురిటి ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరారు. పక్క వీధిలో ఓ ఇంట్లో అప్పుడే మగపిల్లాడు పుట్టాడు. ఎవరు ఆపినా ఆగకుండా లోపలికి దూసుకుపోయి, ఆ పసిగుడ్డు ముందు సాష్టాంగపడ్డాడు బంగారయ్య.

"మామగారూ! తొందరగా పెరిగి పెళ్ళి చేసుకోండి. నాకు వయసు మీద పడిపోతోంది!"

మామగారు కేర్‌మన్నారు.

"అదేమిటమ్మా, ఏడుస్తున్నారు?"

"ఆడపిల్లని అత్తారింటికి పంపాలంటే ఏ తండ్రికైనా ఏడుపు రాదట్రా?" అంది కోటమ్మ, కళ్ళొత్తుకుంటూ.