రాజుగారి గోటి మీద ఉలి

ఒకానొక రాజ్యం. దాని పేరు అడగకండి, నాకు గుర్తులేదు. రాజుగారి పేరు మాత్రం గజకేతువర్మ. పేరు చిన్నదే గాని, దాని ముందు ముప్పై రెండు బిరుదులు ఉండేవి. సభలో భటుడు వాటిని చదవడం మొదలుపెడితే, అర్జీ పట్టుకొచ్చినవాడు తన గోడేమిటో మరిచిపోయేవాడు.

అందులో పద్నాలుగో బిరుదు ‘సకల శిల్పకళా సార్వభౌమ’. ఉలి ఏ వైపు పట్టుకోవాలో తెలియని మనిషికి ఆ బిరుదు ఎవరిచ్చారంటారా? ఎవరూ ఇవ్వలేదు. ఆయనే పుచ్చుకున్నారు.

ఒకసారి ఆయన ఒక అగ్రహారం దానం చెయ్యాలనుకున్నారు. తన బిరుదులన్నిటితో సహా ఆ దానశాసనాన్ని రాగిరేకు మీద చెక్కమని సింగోజుకి ఆజ్ఞ ఇచ్చారు. రాజుల శాసనాలు చెక్కడం నాలుగు తరాలుగా సింగోజు ఇంటివాళ్ళ పని.

మర్నాడు పొద్దున్నే రాజుగారు పని చూడ్డానికి వెళ్ళారు. సింగోజు సానరాయి మీద నూనెచుక్క వేసి సన్న ఉలి నూరుతున్నాడు. మధ్యాహ్నం వెళ్ళారు. ఇంకా నూరుతూనే ఉన్నాడు. రాగిరేకు మీద గీత కూడా పడలేదు. రాజుగారు చూస్తుండగానే సింగోజు ఉలి పైకెత్తి, ఎడమ బొటనవేలి గోటి మీద మెల్లగా ఆనించాడు.

ఉలి పట్టే ప్రతివాడూ చేసే పనే అది. మొన గోటికి పట్టుకుంటే పదును వచ్చినట్టు, జారితే మళ్ళీ రాయి మీద నూరాలి. అయితే ఆ సంగతి అడిగి తెలుసుకోవడం సార్వభౌములవారికి నామోషీ గదా!

“ఏరా! పొద్దున్నుంచీ రాయి రుద్దావు. ఇప్పుడేమో మా శాసనం ఖాళీగా పడుంటే, తీరిగ్గా గోళ్ళు తీసుకుంటున్నావా?” అని రాజుగారు గర్జించారు.

“గోళ్ళు తియ్యడం కాదు ప్రభూ, పదును...”

“నోర్ముయ్! మాకు తెలియని శిల్పమా? భటులారా, ఆ రాయి పట్టుకుపోయి భాండాగారంలో పడెయ్యండి. ఇక రుద్దుడు లేదు, చెక్కుడే. ఎనిమిది రోజుల్లో శాసనం పూర్తి కావాలి. ఒక్క గీటు వంకరపోయిందా, పెళ్ళాంబిడ్డలతో సహా పొలిమేర దాటిపోవాలి.”

సింగోజు ఏడుపు ఒక్కటే తక్కువగా పేరిభొట్లు ఇంటికి వెళ్ళాడు. పేరిభొట్లు ఆస్థానంలో విదూషకుడు. మనిషి బక్కపలచన, నోరు మాత్రం గట్టిది. రాజుగారు రోజుకి రెండుసార్లు అతని మీద మండిపడతారు, అతను లేకపోతే మాత్రం పొద్దుపోదు.

“మొండి ఉలి రాగి మీద జారిపోద్దయ్యా. జారితే గీటు పడుద్ది, పడ్డాక చెరపడం ఎవరి తరమూ కాదు. ఊరొదిలి ఎక్కడికి పోను?” అన్నాడు సింగోజు, కళ్ళు తుడుచుకుంటూ.

పేరిభొట్లు కాసేపు ఆలోచించి, “సింగోజూ, ఈయన తాతగారి రోజుల్లో రేకు మీద మొదటి అక్షరం ఎవరు చెక్కేవారు?” అని అడిగాడు.

“శ్రీకారమాండీ? రాజుగారి చెయ్యే పడాలి, అది ఆచారం. ఆయన ఉలి మీద చెయ్యి వేసేవోరు, మా తాత చెక్కేవోడు. ఈయనకి అంత తీరికేదండీ?”

“రేపు తీరిక చేయిద్దాం. ఆ సగం నూరిన ఉలి అలాగే సభకి పట్టుకురా. ఇంకో రేకు కూడా దగ్గర ఉంచుకో. నువ్వు మాత్రం నోరు విప్పకు.”

మర్నాడు సభ నిండుగా ఉంది. పేరిభొట్లు లేచి వినయంగా చేతులు కట్టుకున్నాడు.

“మహారాజా, శ్రీకారం తమ చేతి మీదుగా పడాలని ఆచారం. తాతగారు ఉత్తి చెయ్యి మాత్రం వేసేవారట. పాపం, ఆయనకి పద్నాలుగో బిరుదు లేదు గదా! తమరు స్వయంగానే చెక్కుతారని అందరికీ చెప్పేశాను.”

ఇంతమందిలో కాదనడం ఎలా? రాజుగారు ఉలి పుచ్చుకుని రేకు మీద పెట్టి నెట్టారు. జారింది. ఇంకాస్త బలంగా నెట్టారు. సర్రున జారి రేకు అంచుదాకా పోయింది. అద్దంలా మెరిసే ఆ రాగిలో రాజుగారి ముఖం కనిపిస్తోంది, కొత్తగా పడ్డ గీటు సరిగ్గా మీసాల మీదుగా పోయింది. సభ్యులందరూ ఉన్నట్టుండి పైకప్పు వంక చూడసాగారు.

“ఈ ఉలికేం రోగం?” అన్నారు రాజుగారు చెమట తుడుచుకుంటూ.

“నూరింది చాలని తమరే సెలవిచ్చిన ఉలి ప్రభూ. అనుమానముంటే మొనని బొటనవేలి గోటి మీద ఆనించి చూడమంటారు. పట్టుకుంటే పదును, జారితే మొండి,” అన్నాడు పేరిభొట్లు.

రాజుగారు ఉలి గోటి మీద ఆనించారు. జారింది. వేలు తిప్పి, తల వంచి, పెదవి కరుచుకుని మళ్ళీ ఆనించారు. మళ్ళీ జారింది.

పేరిభొట్లు రెండడుగులు వెనక్కి వేసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. అచ్చం రాజుగారి గొంతుతో, “అదేమిటి ప్రభూ! శాసనం ఖాళీగా పడుంటే, తీరిగ్గా గోళ్ళు తీసుకుంటున్నారా?” అన్నాడు.

రాజుగారు తన గోటిని చూసుకున్నారు. గోడవారన నిలబడ్డ సింగోజుని చూశారు. ముందు చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత మీసాలు కదిలాయి. ఆపుకోలేక పకపకా నవ్వేశారు. అప్పటిదాకా బిగబట్టుకున్న ముసలి మంత్రికి నవ్వుతో పాటు దగ్గు కూడా వచ్చేసింది.

“ఆ రాయి తీసుకురండిరా!” అన్నారు రాజుగారు.

సింగోజు పక్కన కూర్చుని, ఉలి ఏ వాలున పట్టాలో, నూనె ఎంత వెయ్యాలో, చివర తోలుముక్క మీద మెరుగు ఎలా పెట్టాలో చూపించాడు. రాజుగారు భోజనాల వేళ దాటేదాకా నూరారు. ఎట్టకేలకు మొన గోటికి పట్టుకుంది. కొత్త రేకు మీద నెట్టగానే సన్నటి రాగి చుట్ట లేచింది, కింద గీత తళతళలాడింది. “చూశారా, చూశారా!” అని రాజుగారు చిన్నపిల్లవాడిలా మురిసిపోయారు.

శ్రీకారం ముగిసేసరికి ఉలి మళ్ళీ జారడం మొదలుపెట్టింది.

“ఇంకోసారి నూరాలి ప్రభూ,” అన్నాడు సింగోజు.

“మా బిరుదులన్నీ అయ్యేసరికి ఎన్నిసార్లు నూరాలి?”

“లెక్కెట్టలేదు ప్రభూ. వర్షాకాలం దాటుద్దేమో.”

రాజుగారు నొప్పెట్టిన బొటనవేలు నొక్కుకుంటూ ఆలోచించారు. “మూడు బిరుదులు చాలు, సభలో చదివేటప్పుడూ అంతే. గడువు కూడా లేదు, ఎప్పుడు పూర్తయితే అప్పుడే తీసుకురా.”

“మరి పద్నాలుగోది ఉంచమంటారా ప్రభూ?” అన్నాడు పేరిభొట్లు అమాయకంగా.

“అది ఇవాళ్టి నుంచి సింగోజుది!” అని రాజుగారు మళ్ళీ నవ్వి, తన భుజం మీది పట్టుశాలువా తీసి సింగోజుకి కప్పారు. “మరి నీకేం కావాలోయ్, పేరిభొట్లూ?”

“ఇన్నాళ్ళూ భటుడు బిరుదులు చదువుతున్నంతసేపూ నిలబడలేక నా కాళ్ళు పీకేవి ప్రభూ. అవి మూడుకి దిగాయి. ఇక నాకేం కావాలి?”

రాజుగారు కడుపు పట్టుకుని నవ్వుతూ, మెడలోని ముత్యాలహారం తీసి అతని మెడలో వేశారు.