చిత్తం దొరా అన్న గుహ

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిలో గుబురయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. వానాకాలానికి సరిపడా ఇప్పపువ్వు తన గుహలో నిల్వ చేయించడం ఆయన పని. మోసేది మాత్రం ముళ్లపంది, ముంగిస, కుందేళ్లు. గుబురయ్యది ఒట్టి పెత్తనం.

"మనదంతా ఒకే కుటుంబం," అనేవాడు గుబురయ్య. "పెద్దకు ఎదురు చెప్పకూడదు. నేనేమన్నా 'చిత్తం దొరా' అనాలి. నేను లేచేదాకా ఎవరూ ఇంటికి కదలకూడదు."

"చిత్తం దొరా!" అనేవి అన్నీ. ఆ మాట వింటే చాలు, ఆయనకు కడుపు నిండిపోయేది.

ఒకనాడు ముళ్లపంది వచ్చింది. "దొరా, గుహ గుమ్మం మీది బండ బీటలు వారింది. నిల్వ ఇంకో చోటికి మారుద్దామా?"

"నాకే పాఠాలు చెప్తావా? పో బయటికి!"

తర్వాత ముంగిస వచ్చింది. "పిల్లకు ఒళ్లు కాలిపోతోంది దొరా. ఈ పూటకి సెలవివ్వండి."

"ఇంత కుటుంబాన్ని వదిలి నీ పిల్ల దగ్గరికి పోతావా? పో, మళ్లీ రాకు!"

కుందేళ్లు ఇక ఏమీ అడగలేదు. చెప్పాపెట్టకుండా ఒక్కొక్కటే జారుకున్నాయి.

గుహ లోపల కూర్చున్న గుబురయ్యకు ఆ సంగతే తెలియలేదు. ఎందుకంటే, "పనవుతోందా?" అని కేకేస్తే జవాబు వస్తూనే ఉంది.

"చిత్తం దొరా." అది ముళ్లపంది గొంతు.

"గెంటేసినా తిరిగొచ్చింది. నేనంటే అంత భయం!" అని మురిసిపోయాడు పిచ్చి మారాజు. ఏళ్ల తరబడి ఒకే మాట విని విని, ఆ గుహకే అది, వాళ్ల గొంతులతో సహా, అలవాటైపోయింది పిల్లలూ!

వానలు మొదలయ్యాయి. బండ ఫెళ్లున విరిగిపడి, గుమ్మం మూసుకుపోయింది. లోపల కటిక చీకటి.

"రండర్రా! బండ తీయండి!"

"చిత్తం దొరా."

అడుగుల చప్పుడు లేదు. గోళ్లతో గీరుతున్న చప్పుడూ లేదు. గుబురయ్య చేతులు చాచి తడిమాడు. రాయి తప్ప ఏమీ తగల్లేదు.

"ఎవరర్రా అక్కడ?"

"చిత్తం దొరా." ఈసారి చెవి పక్కనే, ముంగిస గొంతు.

గుబురయ్య భోరుమన్నాడు. "తప్పయిపోయింది! నాకు ఎదురు చెప్పండి. ఒక్కరైనా కాదనండర్రా!"

చీకట్లోంచి గొంతులన్నీ ఎంతో వినయంగా పలికాయి.

"చిత్తం దొరా."

నీతి: కాదని చెప్పేవాళ్లను గెంటేసుకున్న పెద్దకు, ఆపదలో అవుననే గొంతులే తప్ప ఆదుకునే చేతులు మిగలవు.