చావడిలో చదివిన తాఖీదు

పాఠం చదవడం పూర్తికాగానే పిల్లవాడి చేతిలోంచి పుస్తకం లాక్కుని తొడకింద పెట్టుకోవడం పేరిశాస్త్రి పంతులుగారి అలవాటు. పెట్టుకుని, "ఇప్పుడు నేను మీ అమ్మనిరా. పొయ్యి దగ్గర ఉన్నాను, చేతినిండా పని. ఏం చదివావో చెప్పు," అనేవారు. పిల్లవాడు పుస్తకంలో వాక్యాలే మొదటినుంచీ అందుకున్నాడా, "ఒరే, అన్నం మాడిపోతోందిరా!" అని కేకవేసేవారు. పాపం, ఆ పసివాడు నీళ్లు నమిలి, బుర్ర గోక్కుని, చివరికి తన సొంత మాటల్లో రెండు ముక్కలు చెప్పేవాడు. అవి సరిగ్గా ఉంటేనే కొత్త పాఠం. లేకపోతే మళ్లీ అదే పాఠం, మళ్లీ అదే పొయ్యి.

ఆ బడి గోదావరి మధ్యనున్న రెల్లులంకలో ఉండేది. పంతులుగారి దగ్గరే చదువుకుని, ఆయన కిందే చిన్న మేష్టారుగా కుదురుకున్న సోమలింగానికి ఈ తతంగం బొత్తిగా గిట్టేది కాదు. అతని కంఠం ఖంగుమనేది. ఏ కాగితం ఇచ్చినా తడుముకోకుండా చదివేవాడు. ఒకటి రెండుసార్లు చదివితే ఇక కాగితంతో పనిలేదు, మొదలుపెడితే చివరిదాకా ధారగా వచ్చేసేది. అతని తిండీ బసా సత్తెమ్మ ఇంట్లో. మొగుడు పోయిన మనిషి, తొమ్మిదేళ్ల కూతురు నూకాలు తప్ప ఆమెకు ఎవరూ లేరు. సాయంత్రాలు అతను అరుగుమీద కూర్చుని ఏదైనా చదువుతుంటే, చేటలో బియ్యం అలాగే వదిలేసి వినేది. "మా మేష్టారు చదువుతుంటే కడుపు నిండిపోద్దండీ," అని ఊళ్లో చెప్పుకునేది. ఏం అర్థమైందని మాత్రం ఆమెను ఎవరూ అడగలేదు, ఆమే తనను తాను అడుక్కోలేదు.

భాద్రపదంలో ఇన్‌స్పెక్టరు వస్తాడని కబురొచ్చింది. ఆయన వినేది చదువేగాని పొయ్యి దగ్గర కబుర్లు కాదు గదా! సోమలింగం ఉండబట్టలేక ఒకనాడు అడిగేశాడు.

"గురువుగారూ, పిల్లలు అక్షరం పొల్లు పోకుండా చదువుతున్నారు, అప్పజెబుతున్నారు. నిక్షేపంలాంటి పాఠాన్ని వాళ్ల వచ్చీరాని మాటల్లోకి కుదించి చెప్పించడం ఎందుకండీ? చదవడమంటూ వస్తే అర్థం దానంతట అదే వస్తుంది గదా?"

పంతులుగారు అప్పుడు అవతలి గట్టుకు ప్రయాణమవుతున్నారు. కంటికి పొర కమ్మింది, వైద్యుడికి చూపించుకోవాలి. "అడగవలసిన ప్రశ్నే. వచ్చాక మాట్లాడుకుందాం. బడి జాగ్రత్త," అని పడవెక్కి వెళ్లిపోయారు.

ఆయన వెళ్లిన మూడోనాడు ముసురు పట్టింది. నాలుగోనాటికి గోదావరి ఎర్రబడి గట్టు అంచుల దాకా వచ్చేసింది. రెల్లులంక వాళ్లకు వరద కొత్తకాదు. వాకిట్లోకి నీళ్లొస్తే సామాను అటకెక్కించడం, తగ్గాక దింపుకోవడం ఏటేటా ఉన్న తద్దినమే. ఆ ఉదయం తలారి తడిసి ముద్దయి వచ్చి, తాలూకా కచేరీ వాళ్లు పంపిన తాఖీదు ఒకటి సోమలింగం చేతిలో పెట్టాడు. పంతులుగారు లేరు గనక చదవవలసింది అతనే.

ఆ లంకలో సర్కారు కాగితం చదవడానికి ఒక మర్యాద ఉంది. చావడి అరుగుమీద నిలబడి చదవాలి. చదువుతున్నంతసేపూ ఎవరూ నోరు మెదపకూడదు. చదివేవాడు సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదు. ముగిశాక కాగితాన్ని కళ్లకద్దుకుని చావడి స్తంభానికి అంటించాలి. "ఇంతకీ ఇందులో ఏముందండీ?" అని ఎవడైనా అడిగితే చదివినవాణ్ణి అవమానించినట్టే లెక్క. ఏ మహానుభావుడు పెట్టాడో ఆ మర్యాద, వాడికే తెలియాలి.

ఊరంతా గొంగళ్లూ తాటాకు గొడుగులూ వేసుకుని వచ్చింది. సోమలింగం గొంతు సవరించుకుని, ముందొకసారి లోపల చదువుకుని, పైకి ఎత్తుకున్నాడు. అబ్బ, ఏం చదువు! "శ్రీయుత డివిజను అధికారివారి ఉత్తర్వుల ననుసరించి" అని మొదలై, ఏటి మట్టం అడుగుల్లోనూ అంగుళాల్లోనూ, ఎగువన కురిసిన వానలు, లంక ఖాళీచేసి వచ్చేవాళ్లకు అవతలి గట్టున వేసిన పాకలు, అక్కడ మనిషికి ఇచ్చే రెండు శేర్ల బియ్యం, గొడ్డుకిచ్చే మోపు గడ్డి, ఒకదాని వెనక ఒకటి దొర్లుకుంటూ వచ్చాయి. ఆ నడుమనే, "ప్రవాహ వేగము కారణముగా పెద్దరేవున పడవ నిలుపుట సాధ్యము కానందున, ఉత్తరముననున్న గొడ్లరేవు యందు మధ్యాహ్నము రెండు గంటలకు ఒకే పర్యాయము పడవ యుంచబడును" అన్నదీ వచ్చింది, వెళ్లిపోయింది. బియ్యం సంగతి ఏ గొంతుతో చదివాడో దీన్నీ అదే గొంతుతో చదివాడు. దాని తరవాత ఇంకా ఒకటిన్నర పుట ఉంది.

ముందు వరసలో కూర్చున్న నూకాలు, "మేష్టారండీ, అంటే పడవ..." అని లేవబోయింది. సోమలింగం చదువు ఆపకుండానే కళ్లురిమాడు. పిల్ల కూలబడింది.

"ఏం గొంతండీ, సరస్వతే!" అన్నారు ముసలివాళ్లు లేస్తూ. జనానికి మిగిలినవి రెండే సంగతులు: పడవ వస్తుంది, బియ్యం ఇస్తారు. సంచులూ బుట్టలూ పట్టుకుని, పడవలు ఎప్పుడూ ఆగే పెద్దరేవుకు నడిచారు. సోమలింగమూ వాళ్లతోనే నడిచాడు. అంతకు మించి అతనికీ తెలియదు మరి.

పెద్దరేవులో వాన దంచేస్తోంది. మధ్యాహ్నం దాటినా పడవ జాడలేదు. మెట్లు ఒక్కొక్కటీ మునుగుతున్నాయి. నూకాలు తల్లి కొంగు పట్టుకుని గుంజుతోంది.

"అమ్మా, ఇక్కడికి రాదే. గొడ్లరేవుకొస్తాది. ఒక్కసారే వస్తాదంట."

"నోరు ముయ్యవే! చదివింది మేష్టారు. ఆయనే ఇక్కడ నిలబడితే నీకేం తెలుసు?" అని కసిరింది సత్తెమ్మ. కసిరిందేగాని మనసు ఆగక సోమలింగం దగ్గరికి వచ్చింది. "ఏంటి బాబుగారూ, పిల్ల ఇలాగంటుందేంటండీ? కాగితంలో అలాగుందాండీ?"

"ఉంటే నేను చదవనా?" అన్నాడతను చిరాగ్గా.

అనేశాడుగాని, చదివాడో లేదో అతనికే తెలియలేదు. చూసుకుందామంటే కాగితం చావడిలో ఉంది. బట్టీ పట్టిన చదువుకు మధ్యలోంచి దారి ఉండదు, మొదటినుంచీ రావలసిందే. వానలో నిలబడి, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ "శ్రీయుత డివిజను అధికారివారి" దగ్గర మొదలుపెట్టాడు. అడుగులూ అంగుళాలూ వచ్చాయి. ఎగువ వానల దగ్గర తడబడి మళ్లీ మొదటికి పోయాడు. సత్తెమ్మ చేతులు కట్టుకుని అతని మొహంకేసే చూస్తోంది. పాకలు దాటాడు, బియ్యం దాటాడు, గడ్డి దాటాడు. "ఉత్తరముననున్న గొడ్లరేవు యందు" అన్న మాట నోటిదాకా వచ్చేసరికి చటుక్కున కళ్లు తెరిచి జనంకేసి తిరిగాడు.

"గొడ్లరేవు! గొడ్లరేవుకి పరుగెత్తండి!" అని అరిచాడు. వాన హోరులో ఆ ఖంగుమనే కంఠం దూరం పోలేదు. ముందున్న నలుగురూ విని, వాళ్లు అరిస్తేగాని మిగతావాళ్లు కదల్లేదు.

లంక ఆ కొసకు పావుకోసు పైచిలుకు, అంతా మోకాలిలోతు బురద. ముందు చేరినవాళ్లకు పడవ కనిపించింది, ఇంచుమించు ఖాళీగా, అప్పటికే ఏటి నడుమ. పడవవాళ్లు ఎంతసేపు కాచుకున్నారో ఏమో! కేకలు వేశారు, తలగుడ్డలు ఊపారు. ఆ వేగంలో పడవను వెనక్కి తిప్పడం ఎవరివల్ల అవుతుంది? జనం ఇంకా దారిలో ఉండగానే లంక గట్టు తెగింది.

చేతికందిన నూకాలును భుజాన వేసుకుని సోమలింగం చింతచెట్టు ఎక్కాడు. సత్తెమ్మ చెయ్యి కూడా ఒకసారి దొరికింది. దొరికి, జారిపోయింది. ఆ పూట తొమ్మిదిమంది పోయారు. సత్తెమ్మను మూడోనాడు రెల్లుపొదల్లో చూశారు. బియ్యానికని తెచ్చుకున్న సంచి మొలకు చుట్టుకునే ఉంది.

మిగిలినవాళ్లను అవతలి గట్టుకు చేర్చాక, పంతులుగారు కంటికి కట్టుతోనే వెతుక్కుంటూ పాకల దగ్గరికి వచ్చారు. సోమలింగం ఒక పాకలో గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన్ని చూసి లేవలేదు, దణ్ణం పెట్టలేదు.

"అక్షరం పొల్లు పోకుండా చదివానండీ," అన్నాడు, ఎవరూ అడగకుండానే. "ఊరు ఊరంతా విన్నారు. ఎవర్నైనా కనుక్కోండి."

"కనుక్కున్నాను. బాగా చదివావనే అన్నారు," అన్నారు పంతులుగారు, పక్కన చతికిలబడుతూ. "నేను వినలేదు గదా నాయనా. ఏముంది అందులో?"

"శ్రీయుత డివిజను..." అని ఎత్తుకుని సోమలింగం ఆగిపోయాడు. మూలన నూకాలు మోకాళ్లమీద గడ్డం ఆనించుకుని అతన్నే చూస్తోంది. అతను తల తిప్పుకోబోయాడు, తిప్పుకోలేకపోయాడు. ఆ పిల్లకేసి చూస్తూనే చెప్పాడు.

"పడవ ఒక్కసారే వస్తుంది. గొడ్లరేవుకి. రెండు గంటలకి."

"ఇంకేమైనా ఉందా?"

"లేదండీ. అంతేనండీ," అని బావురుమన్నాడు.

పంతులుగారు ఊరుకోమనలేదు, వీపు నిమరలేదు. అతని ఏడుపు సద్దుమణిగేదాకా కూర్చున్నారు.

"కుదించి చెప్పించడం ఎందుకని అడిగావు గదా నాయనా. తాఖీదంతా ఒక్క ఊపిరికి సరిపోయింది, చూశావా," అన్నారు.